నాలుగుసార్లు తిరిగొచ్చిన బండి

"ఆయన చెయ్యి పడ్డ బండి మళ్ల షెడ్డు మొఖం సూడకపోయేది మేడం."

ఆదిలాబాద్‌లో కమాన్ మిస్త్రీ గురించి ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. మొన్న ఫోనులో, ఆయన పోయి పది నెలలైందని చెప్పిన పక్క షెడ్డు పంక్చర్ల అతను కూడా ఇదే చెప్పాడు. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలన్న మర్యాద నాకూ తెలుసు. కానీ అబద్ధం అబద్ధమే. నా బండి ఒక్క వానాకాలంలో నాలుగుసార్లు ఆయన షెడ్డు మొహం చూసింది. నాలుగోసారి నేను తీసుకుపోలేదు కూడా. ఆయనే ముప్పై కిలోమీటర్లు వెంటబడి వచ్చి, దారికి అడ్డం నిలబడి, తాళం తీసుకుపోయాడు. ఆయన్ని దేవుణ్ని చేసి ఫోటోకు దండేస్తున్న వాళ్లకు ఈ సంగతి చెప్పినా నమ్మరు. అందుకే రాస్తున్నాను.

నేను ఫోన్ చేసింది ఆయన బాగోగులు కనుక్కోవడానికి కాదని కూడా ఒప్పుకోవాలి. కరీంనగర్‌కు బదిలీ అయి వచ్చాక నా బండిని ఇక్కడి ఒక మెకానిక్ దగ్గర ఎత్తి పెట్టించాను. అతను కింద దూరి, అక్కడి నుంచే నవ్వాడు.

"ఇదేంది మేడం, ఎడ్లబండికి కట్టినట్టు ఎనుక ఇరుసుకు పట్టా కట్టిండ్రు? కోసి పారేద్దునా?"

"చెయ్యి తియ్యి అక్కణ్నుంచి!" అని నేను అరిచిన అరుపుకు పక్కనున్న రెండు బళ్ల వాళ్లు కూడా తిరిగి చూశారు. ఆ పట్టా పత్తి జిన్నింగు మిల్లులో అరిగిపోయి తీసేసిన బెల్టు ముక్క. దాన్ని అక్కడ ఎందుకు కట్టారో నాకు తెలుసు. కానీ దాని వెనక నాకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఆరేళ్లుగా అది నన్ను గిల్లుతూనే ఉంది. అడుగుదామని ఫోన్ చేస్తే, అడగాల్సిన మనిషి లేడన్నారు.

కమాన్ మిస్త్రీ అంటే బండి బరువును మోసే ఇనుప పట్టీలు, అవే కమాన్ పట్టీలు, వాటి పని చేసేవాడు. ఆయన పేరు నేనెప్పుడూ అడగలేదు, ఆయన నాదీ అడగలేదు. నేను టీచర్నని తెలిసిన మొదటి రోజు నుంచీ 'బాయి' అన్నాడు. మరాఠీ బడుల్లో టీచరమ్మను పిల్లలు అట్లాగే పిలుస్తారట. ఆయన అంకెలు కూడా మరాఠీలోనే లెక్కపెట్టుకునేవాడు. ఎండిన వాము కాడలాంటి మనిషి, అరవై దాటిన వయసు, మోకాళ్లకు ట్యూబు రబ్బరు కుట్టిన ఖాకీ ప్యాంటు. కొలిచే టేపు ఉండేది కాదు. ఒక వెదురు బద్ద ఉండేది, కొలిచిన ప్రతిదానికీ దాని మీద కత్తితో గాటు పెట్టేవాడు.

ఆయనకు మూడు అలవాట్లు ఉండేవి. మూడూ నా ఒంటికి కారం రాసినట్టుండేవి. బండి ఎక్కడ చప్పుడు చేస్తుందో వినడానికి నన్ను నడపమని, తాను వెనక సీట్ల మధ్య బోర్లా పడుకుని నేలకు చెవి ఆనించేవాడు. రెండోది, పాడైన సామాను యజమాని చేతిలో పెట్టనిదే బండి తాళం ఇచ్చేవాడు కాదు. అరిగిన రబ్బరు బుష్షు కానీ, విరిగిన పట్టీ కానీ, పాత మరాఠీ పేపర్లో చుట్టి "సూసుకో, గిది నీ బండి తిన్న దెబ్బ" అని చేతిలో పెట్టేవాడు. నూనె కారి నా చీరలు రెండు పాడయ్యాయి. మూడోది, నోట్లో నట్టు. పని చేస్తున్నప్పుడు నట్లను పళ్ల మధ్య పట్టుకునేవాడు, అది అందరు మిస్త్రీలూ చేసేదే. ఈయన జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడు కూడా జేబులోంచి ఒక నట్టు తీసి నోట్లో పెట్టుకునేవాడు. ఇక మాట అయిపోయినట్టే. ఎదుటి మనిషి గోడతో వాదించుకోవాలి.

నాతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు, మా బడిలో లేరు. నా మీద నట్టు ప్రయోగించిన మొదటి మనిషి ఈయన.

అప్పుడు నేను ఆదిలాబాద్‌లో ఉంటూ, గుడిహత్నూరు దాటి లోపలికి పోయే ఒక ఊరి బడిలో పని చేసేదాన్ని. బస్సు ఊరిదాకా రాదు. అందుకని నేను ఒక పాత ఏడు సీట్ల వ్యాను కొని, తోటి టీచర్లు ఆరుగురిని ఎక్కించుకుని రోజూ నేనే నడుపుకుంటూ పోయేదాన్ని. రోడ్డు దిగాక రాళ్ల బాట. బాట ఒక గుట్ట ఎక్కి, అటు పక్క నిటారుగా వాగులోకి దిగుతుంది. వాగు మీద నేలబారు కల్వర్టు, పక్కన పిట్టగోడ కూడా లేదు. ఏడుగురం కూర్చుంటే బండి పొట్ట రాళ్లకు తగిలేది. ఒకరోజు సైలెన్సరు ఊడి వాగులో పడింది. దాన్ని వెతికి పట్టుకొచ్చిన మా లెక్కల సారు, "మేడం, గీ బండికి ఎత్తు మడమల చెప్పులు తొడిగియ్యాలె" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆలోచన బాగానే తోచింది.

మిస్త్రీ ఒప్పుకోలేదు.

"లేపుడు అల్కనే బాయి. పట్టీలకు, ఇరుసుకు నడుమ ఇనుప దిమ్మలు పెడితే రెండంగుళాలు లేస్తది. కని కుదుపు మింగే షాకబ్జర్లు గంతే ఉంటయి గద? మనిషిని మంచం మీద నిలవెట్టి కింది నీళ్ల చెంబు అందుకొమ్మన్నట్టుంటది."

"అయితే పొడుగు షాకబ్జర్లు వెయ్యి."

"గీ బండికి పొడుగువి రావు. నాగ్‌పూర్‌ల అడగాలె. దొరకచ్చు, దొరకకపోవచ్చు."

"దొరికినప్పుడు వేద్దువు. ముందు లేపు. ఊరంతా లేపించుకుంటున్నరు, మాకొక్కరికే శాస్త్రం చెప్తవా?"

నట్టు నోట్లోకి పోయింది. నేను ఊరుకుంటానా? గంటసేపు అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. పిల్లలు వాగు దాకా వచ్చి ఎదురు చూస్తారన్నాను, బండి పోకపోతే బడి మూసినట్టే అన్నాను, నీకు చేతకాకపోతే వేరే షెడ్డుకు పోతానన్నాను. ఆఖరి మాట పని చేసింది. నట్టు తీసి, "వేరేటోడు ఇంక కరాబ్ జేస్తడు" అని గొణిగి, లేపాడు.

గెలిచాననుకున్నాను. బండి పొట్టకు రాయి తగలడం ఆగింది. కానీ ప్రతి స్పీడు బ్రేకరు దగ్గర, వెనక చక్రం గుంతలోకి జారినప్పుడల్లా, కింద నుంచి ఎవరో సమ్మెటతో కొట్టినట్టు 'ధన్'మనేది. మా సైన్సు టీచరు సరితకు అప్పుడు ఐదో నెల. వెనక సీట్లో కూర్చుని ప్రతి 'ధన్'కూ పొట్ట మీద చెయ్యి వేసుకునేది.

మొదటిసారి తిరిగిపోయాం. మిస్త్రీ వెనక పడుకుని చెవి ఆనించి విని, లేచి, "షాకబ్జరు పూర్తిగ సాగినంక ఇంక సాగేతందుకు జాగ లేదు. గదే గుంజుతుంది" అన్నాడు. బుష్షులు మార్చి, పాతవి నా చేతిలో పెట్టాడు. అంచులు చిరిగి నోరు తెరుచుకున్నాయి. రెండోసారి పోయేసరికి ఒక షాకబ్జరు నుంచి నూనె ధారగా కారుతోంది. కొత్తవి వేశాడు, అవీ ఆ పొడుగే. నాగ్‌పూర్ నుంచి లేవన్న కబురు వచ్చింది. పాతవి పేపర్లో చుట్టి ఇస్తుంటే నాకు మండింది.

"ఇయ్యి కూడ పోతయని తెలిసే వేసినవు గద? నీకు బుద్ధి ఉండాలె మిస్త్రీ, ఏడుగురం ఎక్కుతున్నం!"

"బుద్ధి ఉన్నది బాయి. నీ నోరు ముంగట నిలువలే."

మా వాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు.

మూడోసారికి ఆయన నన్నొక్కదాన్నే రమ్మనలేదు, ఏడుగురినీ రమ్మన్నాడు. ఆదివారం. "రోజు ఎవలెక్కడ కూసుంటరో గక్కడనే కూసోవాలె" అన్నాడు. సరితకు ఏడో నెల వచ్చింది. ఆమెను బండి ఎక్కనివ్వలేదు. నీడలో స్టూలు వేసి కూర్చోబెట్టి, ఆమె సీట్లో పత్తి గింజల సంచి పెట్టాడు.

"నేను గంత బరువున్ననా మిస్త్రీ?" అంది సరిత.

"ఇద్దరు కదమ్మా," అన్నాడు, సంచిని సర్దుతూ.

మేము ఆరుగురం, ఒక సంచి, ఎండలో అరగంట కదలకుండా కూర్చున్నాం. లెక్కల సారు తుమ్మితే కింద నుంచి కసిరాడు. షాకబ్జరు లోపలి కడ్డీ మెరిసే భాగం ఎంత బయట ఉందో బద్దతో కొలిచి ఒక గాటు పెట్టాడు. తర్వాత మమ్మల్ని దింపి, జాకీ మీద బండిని లేపి, వెనక చక్రాలు గాల్లో వేలాడేట్టు చేసి ఇంకో గాటు పెట్టాడు. ఆ రెండు గాట్ల లెక్కన ఇనుప చట్రం కోసి, షాకబ్జరు కింది కొన ఆ రెండంగుళాలూ పైకి వచ్చి అందుకునేట్టు ఇరుసుకు వెల్డింగు చేశాడు. సాయంత్రం నేను నడుపుతుంటే వెనక బోర్లా పడుకుని విన్నాడు. స్పీడు బ్రేకరు దాటాం. చప్పుడు లేదు. ఇంకోటి దాటాం. లేదు. లేచి కూర్చున్నాడు, చెవికి దుమ్ము అంటుకుని ఉంది, అద్దంలో చూస్తే ఆ మొహంలో నవ్వు లాంటిది ఏదో ఉంది.

మరునాడు సోమవారం. ఆ రోజు బడికి తనిఖీ ఉందని ముందే తెలుసు. ఆలస్యమైతే సంజాయిషీ రాయాల్సిందే. బండి పట్టు మీద నడిచినట్టు పోతోంది. సరిత వెనక సీట్లో నిద్రపోయింది, రెండు నెలల్లో మొదటిసారి. గుట్ట ఎక్కాం. పైన ఒక రేకుల చాయ్ హోటల్ ఉంటుంది, అది దాటితే దిగుడే, దిగుడు కింద వాగు. రాత్రి వాన పడింది, నీళ్లు కల్వర్టును ఒరుసుకుని పారుతున్నాయి.

హోటల్ దగ్గర వెనక నుంచి హారన్ మోత. అద్దంలో చూశాను. ఒక పాత మోపెడ్, దాని మీద మిస్త్రీ. కళ్ల నిండా నీళ్లు, గాలికి. నన్ను దాటి ముందుకు పోయి, బండి ముందు అడ్డంగా ఆపి, రెండు చేతులూ ఎత్తి, ఆగమని మరాఠీలో అరిచాడు.

"థాంబా! థాంబా బాయీ!"

బ్రేకు తొక్కాను. పెడలు ఎప్పటికంటే కొంచెం లోతుకు పోయింది. పోయిందా, పోయినట్టు తర్వాత నేనే అనుకున్నానా, ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను. బండి ఆగింది. ఆయన మోకాలికి జానెడు దూరంలో.

"పిచ్చి లేసిందా మిస్త్రీ? చస్తవ్!"

రోడ్డు మీదే బోర్లా పడి బండి కింద దూరాడు. ఆయన కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఒక కాలికే చెప్పు ఉంది. చాలాసేపు ఆ కాళ్లు కదల్లేదు. బయటికి వచ్చాక కుడిచేతి వేళ్లు తడిగా ఉన్నాయి. వాన నీళ్లు బండి కింద అంతటా ఉన్నాయి, అందువల్ల కావచ్చు. కానీ ఆయన ఆ వేళ్లను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. వెంటనే చొక్కాకు తుడిచేసుకున్నాడు.

"అందరు దిగుండ్రి."

"ఏమైంది?"

"గాటు మర్సిన బాయి."

నాకు అర్థం కాలేదు. ఆయన బానెట్‌కు ఆనుకుని చెప్పాడు. వెనక చక్రాలకు బ్రేకు నూనె తీసుకుపోయే రబ్బరు పైపు ఒకటి ఉంటుంది. బండిని లేపినప్పుడు అదీ పొట్టిదైపోయింది. ఇన్ని రోజులూ పొట్టి షాకబ్జర్లే ఇరుసును 'ధన్'మని ఆపుతూ వచ్చాయి, పైపు దాకా లాగుడు రాలేదు. నిన్న ఆయన షాకబ్జరుకు అందుబాటు పెంచాడు. ఇప్పుడు చక్రం గుంతలోకి జారితే అన్నింటికంటే ముందు సాగిపోయేది ఆ పైపే. పొద్దున షెడ్డు తెరిచి బద్ద చేతికి తీసుకుంటే రెండే గాట్లు కనిపించాయట. పైపుకు పెట్టాల్సిన మూడో గాటు లేదు.

"చప్పుడు మంచిదే ఉండె బాయి. నేనే దాని నోరు మూసిన."

"సరే, సాయంత్రం తెస్త, అప్పుడు మార్చు. ఇయ్యాల తనిఖీ ఉంది. మెల్లగ దిగుత, రెండో గేర్ల దిగుత."

"తాళం ఇయ్యి."

"మిస్త్రీ, ఇది నా బండి!"

"బండి నీదే. పని నాది. తాళం ఇయ్యి."

నేను వాదించాను. ఇంకేం చేస్తాను, నాకు వచ్చింది అదే. ఇన్నిసార్లు చెడగొట్టిన మనిషి మాట ఎందుకు వినాలన్నాను, రెండు నెలలుగా ఇదే రోడ్డు దిగుతున్నాం కదా అన్నాను, ఉద్యోగం పోతే నువ్వు ఇస్తావా అన్నాను. ఆయన చెయ్యి చాచి అట్లాగే నిలబడ్డాడు. జేబులోంచి నట్టు తియ్యలేదు. అదే నన్ను భయపెట్టి ఉండాల్సింది, ఆ కోపంలో నాకు తట్టలేదు. వెనక నుంచి సరిత గొంతు వచ్చింది.

"అక్కా. ఇచ్చెయ్యవే తాళం."

ఇచ్చాను.

మోపెడ్‌ను హోటల్ పక్కకు నెట్టి, ఆయన ఒక్కడే ఎక్కాడు. నేను పక్కన కూర్చోబోతే "నువ్వెందుకు?" అన్నాడు, అంతే. బండిని వెనక్కి తిప్పి, మొదటి గేర్లో, ఒక చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద పెట్టుకుని, మేము ఎక్కి వచ్చిన వైపు దిగాడు. మనిషి నడక కంటే నెమ్మదిగా. రాళ్ల అంచున, ఎడమ చక్రం మట్టి కట్టకు రాసుకునేట్టు నడిపాడు, ఆగకపోతే కట్టకు గుద్దడానికి వీలుగా. మేము ఏడుగురం హోటల్ ముందు నిలబడి చూశాం. చాయ్ పోసే ఆవిడ గ్లాసులు పట్టుకుని అట్లాగే నిలబడింది. చప్పుడు వస్తుందేమోనని నేను చెవులు రిక్కించాను. రాలేదు. బండి పొగ వాసన, తర్వాత తడి ఆకుల వాసన.

ఒక షేరింగ్ జీపులో బడికి పోయాం. తనిఖీ ఆ రోజు రానే లేదు.

సాయంత్రం నేనూ సరితా షెడ్డుకు పోయేసరికి బండి సిద్ధంగా ఉంది. పొడుగు రబ్బరు పైపు కొత్తది వేశాడు. అది చాలదన్నట్టు మిల్లు బెల్టు ముక్కను ఇరుసుకూ బండి చట్రానికీ కలిపి బోల్టులు బిగించాడు, చక్రం ఎంత జారినా ఆ పట్టా ఆపేట్టు. "షాకబ్జరు మర్సినా, పైపు మర్సినా, మిస్త్రీ మర్సినా, గిది మరవది" అన్నాడు. వెదురు బద్ద గోడకు ఆనించి ఉంది. మూడు గాట్లు. మూడోది మిగతావాటి కంటే లోతుగా, బద్ద తెగేటంత లోతుగా ఉంది.

తాళం నా చేతిలో పెట్టాడు. నేను ఇంకో చెయ్యి కూడా చాచాను.

"పాత పైపేది?"

"పారేసిన."

"నువ్వు పారేస్తవా? బుష్షులిచ్చినవు, షాకబ్జర్లిచ్చినవు, నా చీరలు ఖరాబు చేసినవు. పైపేది మిస్త్రీ?"

ఆయన నన్ను చూశాడు. తర్వాత, చాయ్ గ్లాసుతో స్టూలు మీద కూర్చున్న సరితను చూశాడు. పని అయిపోయింది, సామాను పెట్టెలో సర్దేశాడు, బిగించాల్సింది ఒక్కటీ మిగల్లేదు. అయినా జేబులో వెతికి వెతికి ఒక నట్టు తీసి పళ్ల మధ్య పెట్టుకున్నాడు.

నేను షెడ్డంతా వెతికాను, సిగ్గు లేకుండా. తుక్కు డబ్బా బోర్లించాను. పైపు ముక్క దొరకలేదు.

బదిలీ అయి వచ్చే ముందు ఇంకోసారి అడిగాను. అప్పటికి సరిత కూతురు నడుస్తోంది, షెడ్డులో ఆ వెదురు బద్ద పట్టుకుని ఆడుకుంటోంది. "ఇప్పుడన్న చెప్పు, ఎవలకు చెప్ప" అన్నాను. ఆయన పిల్ల చేతిలోంచి బద్ద మెల్లగా తీసుకుని, "గాట్లు గుచ్చుకుంటయి బిడ్డా" అన్నాడు.

ఆ పైపు పూర్తిగా ఉంటే చూపించేవాడే. గాటు మర్చిపోయానని ఏడుగురి ముందు ఒప్పుకున్న మనిషి తన తప్పు దాచుకోవడానికి దాన్ని దాచాడంటే నేను నమ్మను. లేపమని గంటసేపు స్టూలు మీద కూర్చున్నది నేను. వేరే షెడ్డుకు పోతానని బెదిరించింది నేను. దిగుడు ముందర తాళం ఇవ్వనన్నదీ నేనే. దాన్ని చూస్తే ఆ బరువంతా నా మీద పడుతుందని ఆయన దాచాడు.

కరీంనగర్ మెకానిక్ పట్టా జోలికి పోకుండా బండి దింపాడు. ఇంటికి నడుపుకుంటూ వచ్చాను. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గర వెనక నుంచి ఏమన్నా వినిపిస్తుందేమోనని చెవి అటే పెట్టాను.

ఆ రోజు గుట్ట మీద ఆ పైపులో ఇంకెంత మిగిలి ఉండె మిస్త్రీ?